నిజమేనాప్పా?

ముందు పంపేసి తర్వాత అడగడం ఏం పద్ధతో నాకు ఈ జన్మకు అర్థం కాదు.

మా పెద్దనాయనకు ఒక వార్త వస్తుంది. తెల్లవారి ఐదుకే వస్తుంది, పంపేవాడికీ నిద్ర పట్టదు కాబట్టి. వచ్చినదాన్ని ఇంటిపేరు గ్రూపులో వేస్తాడు. రిటైరైన టీచర్ల గ్రూపులో వేస్తాడు. గుడి కమిటీ గ్రూపు, డ్రిప్పు సబ్సిడీ గ్రూపు, ఎప్పుడో కాశీయాత్రకు పోయిన బస్సులోవాళ్ళంతా కలిసి పెట్టుకుని ఇప్పటికీ మూయని గ్రూపు, అన్నిట్లోనూ వేస్తాడు. పని ముగించుకుని, కాఫీ తాగి, ఉగ్గాని బజ్జీ తిని, చేయి కడుక్కున్నాక అప్పుడు నాకొక్కడికే విడిగా పంపి కింద రాస్తాడు: "నిజమేనాప్పా?"

ఒక్క పెద్దనాయన అయితే సర్దుకుందును. బావ అడుగుతాడు, మేనత్త అడుగుతుంది, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన అడుగుతాడు. నేను ఒకప్పుడు పేపరాఫీసులో డెస్కు మీద పనిచేశాను. ఆ పాపం ఇంకా కరగలేదు. "పేపర్లో చేసినోనివి, నీకు తెల్లేదా?" అంటారు. పేపర్లో నేను చేసిందల్లా హెడ్డింగులు రెండు కాలమ్‌లలోకి కుదించడం, హిందూపురం యార్డులో చింతపండు ధర నిన్నటిది ఈరోజు పడకుండా చూడటం. ప్రపంచంలో ఏది నిజమో తేల్చే పని నాకెవరూ అప్పగించలేదు. అప్పగించి ఉంటే జీతం పెంచమని అడిగేవాణ్ణి.

సరే, జవాబు చెబుదామా? "అబద్ధం పెద్దనాయనా" అంటే, "అట్లనా. అయినా జాగర్తగా ఉండేది మంచిదే కదప్పా" అంటాడు. దేని గురించి జాగ్రత్త? లేని దాని గురించి. పంపినదాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేసే సదుపాయం ఉందని చెబితే, "ఇప్పుడు తీసేస్తే ఏమనుకుంటారు?" అని అభిమానపడతాడు. "నిజమే" అంటే ఇంకా కష్టం. ఆ నిజం ఎవరికి గిట్టదో వాళ్ళు నన్ను ఎదుటి పార్టీలో చేర్చేస్తారు. ఒకే రోజు పొద్దున పసుపు, సాయంత్రం నీలం అయిన సందర్భాలు నా జీవితంలో ఉన్నాయి. "తెలీదు" అంటే మాత్రం అందరూ ఒక్కటవుతారు: "ఇన్నేండ్లు పేపర్లో ఏం చేసినావప్పా మరి?"

మా జిల్లాలో ఈ వ్యవహారం ఏ స్థాయికి పోయిందో చెప్పడానికి కియా ఒక్కటి చాలు.

2020 ఫిబ్రవరి 6న రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ఇచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న కియా కార్ల ఫ్యాక్టరీని తమిళనాడుకు మార్చే విషయమై మాటలు నడుస్తున్నాయని దాని సారాంశం. కంపెనీ కాదంది. రాష్ట్ర ప్రభుత్వం కాదంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. పంపిన సంస్థ చిన్నది కాదు, పోతుందన్న వస్తువూ చిన్నది కాదు. 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే శక్తి. మొదటి సెల్టోస్ బయటికొచ్చి ఆరు నెలలు, ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభోత్సవం చేసి రెండు నెలలు. వానల్లేని జిల్లాకు ఎన్నో ఏళ్ళకు దక్కిన ఒక పెద్ద ముక్క. అది పోతుందంటే గుండె గుభేలుమనదా? అందరికీ అన్నది.

మా గ్రూపులో పొద్దున అది "పోతాదంట". మధ్యాహ్నానికి "పోతాంది". దీపాలు పెట్టే వేళకు "పోయింది". హైవే మీద పెద్దపెద్ద యంత్రాలు మోస్తున్న లారీల వీడియో కూడా వచ్చింది. అది ఏ దేశంలో హైవేనో, లారీలు రోడ్డుకు కుడిపక్కన పోతున్నాయి. మా బావ కొడుకు ఆ ఫ్యాక్టరీలోనే రెండో షిఫ్టు. మా అక్క ఫోను చేసింది.

"ఏమిరా, ఫ్యాక్టరీ పోయిందంట కదా, నువ్వు యాడుండావు?"

"ఫ్యాక్టరీలోనే ఉండా మా."

"నిన్ను గూడా తీసుకోని పోతాండారేమో, కిటికీలోంచి ఒకసారి చూడు నాయనా!"

వాడు చూశాడట. పెనుకొండ కొండ ఉన్నచోటే ఉంది.

ఆ గొడవ పార్లమెంటు దాకా పోయింది. తరిమేసింది మీరేనని ఒకరు, పుకారు పుట్టించింది మీరేనని మరొకరు. ఫ్యాక్టరీ మాత్రం ఎటూ పోలేదు. ఈరోజుకీ అక్కడే ఉంది, కార్లు చేస్తూనే ఉంది.

ఇక అసలు సంగతి. 2025లో అదే ఫ్యాక్టరీ వాళ్ళు పెనుకొండ పోలీసుల దగ్గరికి వెళ్ళి, ఐదేళ్ళలో సుమారు 900 కారు ఇంజన్లు మాయమయ్యాయని ఫిర్యాదు చేశారు. 2020 నుంచీ పోతున్నాయట. లెక్క చూడండి. జిల్లా మొత్తం రోడ్డు మీద నిలబడి, మొత్తం ఫ్యాక్టరీ ఎప్పుడు లేచిపోతుందా అని దిక్కులు చూస్తున్న కాలంలోనే లోపలి నుంచి ఇంజన్లు తీరుబడిగా బయటికి నడిచిపోయాయి. ఇంజనంటే జేబులో వేసుకుపోయే పెన్ను కాదు కదా. ఎత్తేవాడు, లెక్క రాసేవాడు, లారీ తోలేవాడు, అందరూ ఉండాలి. పోని ఫ్యాక్టరీ మీద వందల మెసేజీలు. పోయిన ఇంజన్ల మీద మా గ్రూపులో ఒక్కటి లేదు. ఉండబట్టలేక పెద్దనాయనను నేనే అడిగాను, ఇది ఎందుకు పంపలేదని.

"అది పేపర్లో వచ్చింది కదప్పా. దాన్ని మళ్ళీ పంపేదేముంది?"

ఈ జవాబు విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాతకాలంలో పుకార్లు లేవని నేననను. ఇళ్ళ తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని బొగ్గుతో రాసుకున్న తరం మాది. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడికి చెంచాతో పాలు తాగించింది. అప్పుడు చేతిఫోన్లు లేవు, ఎస్టీడీ బూతులున్నాయి. అయితే అప్పట్లో పుకారు పుట్టించడానికి కొంత కష్టపడాలి. బొగ్గు వెతకాలి, పాలు కొనాలి, బూతు దగ్గర వరసలో నిలబడి మీటరు తిరుగుతుంటే చూస్తూ మాట్లాడాలి. ఇప్పుడు బొటనవేలు ఒక్కటి ఉంటే చాలు, అదీ పడుకునే.

వజ్రాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. దీనికీ రాజకీయానికీ సంబంధం లేదు. ఉన్నా నాకు అక్కర్లేదు, చెప్పి తీరతాను.

ముంగారు వానలు నాలుగు చినుకులు పడగానే మా వజ్రకరూరు చుట్టూ, అటు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టూ జనం చేలమీద పడతారు. వంచిన నడుము ఎత్తరు. నేల కింద కింబర్లైట్ రాయి గొట్టాలున్నాయని భూగర్భశాస్త్రం వాళ్ళు చెబుతారు. వానకు పైమట్టి కొట్టుకుపోతే అప్పుడప్పుడూ నిజంగానే ఒక రాయి మెరుస్తుంది. కాబట్టి ఇది అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు. ఉత్త అబద్ధమైతే రెండేళ్ళకు జనం విసిగిపోదురు. ఎక్కడో ఎవరికో ఒక్కటి దొరికింది కాబట్టి మిగతా వాళ్ళంతా నెలల తరబడి గులకరాళ్ళు ఏరుకుంటారు.

దొరికిన వజ్రం ఎవరూ చూడరు. చూపిస్తే ప్రమాదం. వ్యాపారి గుట్టుగా వచ్చి, గుట్టుగా కొని, గుట్టుగా పోతాడు. ఎంతకు కొన్నాడో కొన్నవాడు చెప్పడు, అమ్మినవాడు చెప్పడు. కనక ఆ ధర చెప్పే బాధ్యత మిగతా రాయలసీమ అంతా తీసుకుంటుంది. ఊళ్ళో బయలుదేరినప్పుడు అది రెండు లక్షలు, ఒక తులం బంగారం. ఈ బంగారం ఎందుకో నాకు ఎప్పుడూ అంతుబట్టలేదు. వజ్రం కొనేవాడు జేబులో బంగారం కూడా పెట్టుకుని ఎందుకు తిరుగుతాడు? కానీ బంగారం లేకుండా ఆ వార్త ఏనాడూ రాలేదు. గుంతకల్లు జంక్షన్లో బండి మారేసరికి పది లక్షలు, మూడు తులాలు. గుత్తి దాటితే నలభై. అనంతపురం క్లాక్ టవర్ దగ్గరికి చేరేసరికి కోటి, తులాలు లెక్కపెట్టడం మానేశారు. బెంగుళూరులో మా మరదలికి చేరినప్పుడు అది రెండు కోట్లు, పైగా దొరికింది మాకే. "చెప్పనే లేదే బావా!" అని ఆమె నిష్టూరం. ఆ ఫోటోలో అరచేతిలో ఉన్నది పటికబెల్లం ముక్కో, పగిలిన సోడా సీసానో, ఆ దేవుడికే తెలియాలి. అరచేయి మాత్రం ఏటా అదే. దాని మీది మచ్చ నేను గుర్తుపడతాను.

ఒకసారి ఇలాంటి ఫార్వర్డు పుణ్యాన ఊరిపేరు, చేను గుర్తులు కూడా జనంలోకి వెళ్ళిపోయిన ఒక రైతును కలిశాను. తెల్లారేసరికి ఆయన చేలో పెళ్ళికి దిగినంత మంది. అప్పుడే రెండాకులు వేసిన చెనిక్కాయ మొలకల మీద చెప్పులు. కొందరు చెట్టుకింద పొయ్యి వెలిగించి అన్నం కూడా వండుకుంటున్నారట. "నాకు దొరకలేదు సామీ, నాకే దొరికింటే నేను ఈ చెనిక్కాయ ఏంటికి ఏసుకుంటా?" అని మొత్తుకుంటే, వినేవాళ్ళు ఒకరిమొహం ఒకరు చూసుకుని నవ్వారట. దొరికినోడు అట్లనే చెబుతాడు కదా! ఆయన విత్తనం మళ్ళీ కొన్నాడు. చేను చుట్టూ ముళ్ళకంచె వేసి, లోపలికి రావద్దని బోర్డు పెట్టాడు. బోర్డు పెట్టినందుకు అనుమానం ఇంకా బలపడింది.

ఆ వజ్రాల దారిలోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయేటప్పుడు, ఎర్రగుడి దగ్గర గుట్టమీద అశోకుడి శాసనాలున్నాయి. వజ్రాలకు పోయేవాళ్ళు ఆ గుట్ట కిందనుంచే పోతారు, తల ఎత్తరు. రెండువేల రెండొందల ఏళ్ళకు పైబడిన సందేశం అది. కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు చెక్కారు. చెక్కినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో. దాన్ని పల్లెల్లో జనాన్ని డప్పు కొట్టి పోగుచేసి చెప్పమని అధికారులకు ఆజ్ఞ కూడా అందులోనే ఉంది. అంటే అదీ ఫార్వర్డే. కాకపోతే పంపినవాడు ఎవరో తెలుసు, మార్చాలంటే ఉలి కావాలి. నేను అక్కడ నిలబడి చాలాసేపు అశోకుడి మీద గౌరవం పెంచుకున్నాను. పక్కనున్న కుర్రాడు "ఈ గుట్ట కింద వజ్రాలుండాయంట, నిజమేనాన్నా?" అని అడిగేదాకా.

ఎక్కడున్నాం? ఆఁ, రాజకీయం.

2022 ఆగస్టులో మా జిల్లా ప్రజాప్రతినిధి ఒకాయనదని చెబుతూ ఒక వీడియో ఊరూవాడా తిరిగింది. ఆయన మార్ఫింగ్ అన్నారు. అనంతపురం ఎస్పీ మీడియా ముందుకొచ్చి, తిరుగుతున్నది అసలు వీడియో కాదు, ఒకరు ఫోన్లో చూస్తుంటే ఇంకొకరు తీసింది, అసలుది దొరికితే తప్ప మార్ఫింగో కాదో తేల్చలేమన్నారు. ప్రతిపక్షం అమెరికాలో ఒక ల్యాబు నుంచి రిపోర్టు తెప్పించింది. ఆ రిపోర్టూ ఒరిజినల్ కాదు, మార్చారు అని సీఐడీ అన్నది. మా ఊళ్ళో రేషను కార్డులో పేరు సరిచేయించుకోవడానికి ఒరిజినల్, దానికి మూడు జిరాక్సులు, గెజిటెడ్ సంతకం కావాలి. రాష్ట్ర రాజకీయానికి జిరాక్సు మీద జిరాక్సు చాలు. నెలరోజులు దానిమీదే నడిచింది. ఆ నెలలో చెనిక్కాయకు వాన ఎంత పడిందని ఒక్కరూ అడగలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే జిల్లా ఇది. మేం అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

సర్వేల గొడవ వేరే. లగడపాటి రాజగోపాల్ గారు రంగంలో ఉన్నంతకాలం సర్వేకు ఒక మొహం ఉండేది. ఆంధ్రా ఆక్టోపస్ అని బిరుదు. 2018లో తెలంగాణలో ఆయన లెక్క తప్పింది, 2019లో ఆంధ్రలో తప్పింది. ఇక సర్వేలు చెప్పనని ఆయన తప్పుకున్నాడు. అంతటి మర్యాద ఫార్వర్డు సర్వేలకు లేదు. వాటికి తండ్రి పేరుండదు. బీబీసీ బొమ్మ ఉంటుంది. మేం ఎన్నికల సర్వేలు చేయించం అని ఆ బీబీసీ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఉంటుంది. ఉమ్మడి అనంతపురంలో 14 సీట్లు. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 2. 2024లో కూటమికి వచ్చినవి 14కు 14. మా గ్రూపుకొచ్చిన సర్వేల్లో ఒక్కటీ ఈ రెంటిలో ఏదీ ముందు చెప్పలేదు. వీటికంటే మా ఉరవకొండ సెంటిమెంటే నయం. అక్కడ గెలిచిన పార్టీకి రాష్ట్రంలో అధికారం రాదని ఒక మాట ఉండేది. 1999 నుంచి 2019 దాకా వరసగా ఐదుసార్లు నిలబడింది. 2024లో పయ్యావుల కేశవ్ గెలిచి, పార్టీ కూడా గెలిచి, ఆయన ఆర్థికమంత్రి కూడా అయి దాన్ని చెడగొట్టారు. పాతికేళ్ళ నమ్మకమైన సంస్థ మూతపడింది.

అన్నిటికంటే గట్టిది అబద్ధం కాదు, సగం నిజం. ల్యాండ్ టైట్లింగ్ చట్టం గుర్తుందా? 2024 ఎన్నికల ముందు ఫోన్లు తెరిస్తే అదే. నీ భూమి నీది కాదు, రాసేసుకుంటారు అని ఇటు. నీతి ఆయోగ్ చెప్పిన చట్టమే, మీ మంచికే అని అటు. భయమంతా కట్టుకథ అని నేననలేను. భూతగాదాల్లో సివిల్ కోర్టుల దారి మూసుకుపోతుందని లాయర్లు కోర్టులు మానేసి రోడ్డెక్కారు. పట్టాదారు పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ అందరి కళ్ళముందే ఉండేది. కాబట్టి కాస్త నిజం ఉంది. ఆ కాస్త మీద ఎంత కట్టారంటే, మా బావ ఒకరోజు పొద్దున్నే లేచి తన ఐదెకరాలు ఉన్నాయో లేదో చూసి రావడానికి పోయాడు. వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఉండాది లే, ఇప్పటికైతే" అన్నాడు. చట్టంలో ఏముందో చదివినవాళ్ళు మా గ్రూపులో ఎవరూ లేరు. కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దు చేసిన కాగితమూ ఎవరూ చదవలేదు.

ఈ బావనే ఒకరోజు ఎదుటి పార్టీవాళ్ళు 'ఐదు రూపాయల పేటీఎం బ్యాచ్' అన్నారు. మనిషి కుంగిపోయాడు. అమ్ముడుపోయావన్నందుకు కాదు. "ఉత్తపుణ్యానికి పంపుతాండా నేను! అయినా ఐదు రూపాయలేందప్పా, ఐదు రూపాయలకు కోడిగుడ్డు గూడా రాదే!" రేటు తక్కువ కట్టినందుకు ఆయన ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాడు.

ప్రభుత్వాలు కూడా అబద్ధాల మీద యుద్ధం చేస్తాయి. 2017లో ఒక ప్రభుత్వం పొలిటికల్ పంచ్ పేజీ నడిపేవాణ్ణి పట్టుకుంది. 2020లో ఇంకో ప్రభుత్వం, విశాఖ గ్యాస్ ప్రమాదం మీద పోస్టు పెట్టిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసు పంపింది. 2024 నవంబరులో మళ్ళీ మారిన ప్రభుత్వం వరసబెట్టి కేసులు పెట్టింది. కుర్చీలో ఎవరున్నా ఒక్క సంగతి మారలేదు: ఫేక్ ఎప్పుడూ ఎదుటివాడిదే. కేంద్రం 2023లో తన గురించిన వార్తల్లో ఏది నిజమో తేల్చడానికి ఒక యూనిట్ పెట్టుకోవాలని రూల్సు మార్చింది. ప్రభుత్వం గురించి ఏది నిజమో ప్రభుత్వమే చెప్పడం కుదరదని 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. తీర్పు న్యాయమైనదే. కానీ ఆ యూనిట్ వస్తే పెద్దనాయన నంబరు వాళ్ళకిచ్చి నేను రాజీనామా చేద్దామనుకున్నాను.

వాట్సాప్ వాడు కూడా పాపం తన ప్రయత్నం తాను చేశాడు. 2018 జులైలో మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టాడు. బాగా తిరిగిన మెసేజీ అయితే ఒక్కరికే అని 2020లో ఇంకా బిగించాడు. పెద్దనాయన అందుకే పొద్దున ఐదుకు మొదలుపెడతాడు.

ఆ ఐదుగురి కట్టడి ఎందుకొచ్చిందో మాత్రం నవ్వులాట కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ గ్యాంగులని, తెలుగు ఊళ్ళన్నీ కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. ఎవరి పిల్లా పోలేదు. పోయిన ప్రాణాలు ఎక్కువగా భాష రానివాళ్ళవి, బిచ్చమెత్తుకునేవాళ్ళవి, దారి తప్పినవాళ్ళవి. బెంగుళూరు చామరాజపేటలో పని వెతుక్కుంటూ వచ్చిన రాజస్థాన్ కుర్రాణ్ణి వీధిలో కొట్టి చంపారు. మూడు రోజులకు హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను. అప్పటి గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి మాత్రం కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపి, ఊరి గ్రూపుల్లో చేర్పించి, డప్పు కొట్టించి పాటలు కట్టించి చెప్పించారు. ఆ జిల్లాలో ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మాది వలసల జిల్లా. కదిరి, నల్లమాడ వైపు నుంచి కేరళకు పోతారు, మిగతావాళ్ళు బెంగుళూరుకు. మా మేనత్త కొడుకు ఆ ఏడు బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. చీకటిపడితే షెడ్డు దాటొద్దని మేస్త్రీ చెప్పాడట. గడ్డం తీసేయమన్నాడట. ఆధార్ కార్డు లామినేషన్ చేయించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు, ఎవరైనా ఆపితే చూపించడానికి. కన్నడం నాలుగు మాటలు వచ్చుగానీ, భయపడితే ఆ నాలుగూ రావని నాతో అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడో పాత మెసేజీలు వెతుకుతుంటే కనపడింది. కొత్త మొహాలు కనిపిస్తే వదలొద్దన్న ఆ మెసేజీని మా గ్రూపులో మొదట వేసింది వాడే. ఆ షెడ్డులోంచే వేశాడు.

దాని గురించి నేను వాణ్ణి ఏమీ అడగలేదు.

మా ఇంటిపేరు గ్రూపు ఇప్పుడు ఒక్కటి కాదు. మొన్నటి ఎన్నికలకు రెండు ముక్కలైంది. ఒకదాంట్లో బావ, ఇంకోదాంట్లో బావ తమ్ముడు. ఒకే వీడియో రెండిట్లోకీ వస్తుంది, పైన రాత వేరు. ఒకదాంట్లో "చూడండి వీళ్ళ దౌర్జన్యం", రెండోదాంట్లో "చూడండి వాళ్ళ దౌర్జన్యం". వీడియోలో కొట్టుకుంటున్నవాళ్ళు మన రాష్ట్రం వాళ్ళే కాదు. నన్ను రెండిట్లోనూ చేర్చారు, తేల్చి చెప్పేవాడు ఇద్దరికీ కావాలి కదా. పెద్దనాయన కూడా రెండిట్లోనూ ఉన్నాడు. ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ వేయడం ఆయన పని. ఒకరోజు విసుగొచ్చి గట్టిగానే అన్నాను.

"ఆడ పెట్టింది తెచ్చి ఈడ పెడితే గొడవలు కావా పెద్దనాయనా? ఏంటికి పెడతావు?"

"అందుకే పెట్టేదప్పా. ఆ అన్నాదమ్ములు మాట్లాడుకోని ఎన్నాళ్ళాయనో. ఇది పెడితే తిట్టుకోవడానికన్నా ఫోన్లు చేసుకుంటాండారు."